పైవాళ్ళ డబ్బు ఆగితే ఉక్రెయిన్ ఎన్నాళ్ళుంటుంది?

ఆలమూరు కుర్రోడు:
రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర టీకొట్లో మొదలైన గొడవ ఇది, అక్కడ తేలక ఇక్కడికి తెచ్చాను. 2022 ఫిబ్రవరి 24 నుంచి రష్యా అంతటి దేశాన్ని ఉక్రెయిన్ ఆపగలిగిందంటే అది ఆ జనం గుండెనిబ్బరం అంటాడు మా బావ. నిబ్బరం లేదు, గిబ్బరం లేదు, అమెరికా, యూరప్ పోస్తున్న డబ్బు అంటాను నేను. అది ఆగిన రోజున కథ కంచికే. అధ్యక్షుడు జెలెన్‌స్కీ పదవీకాలం 2024 మేలోనే అయిపోయింది, ఆ గడువుకి ఎన్నికలు పెట్టలేదు. దాన్ని రాజకీయ స్థైర్యం అంటారా? తెలిసినవాళ్ళు చెప్పండి, తిట్లు మాత్రం వద్దండి.

మాజీ సుబేదార్, మిలటరీ మాధవరం:
బాబూ, ముందు డబ్బు సంగతి చూద్దాం. అఫ్ఘాన్ సైన్యం మీద అమెరికా ఇరవై ఏళ్ళలో దాదాపు 90 బిలియన్ డాలర్లు పోసింది. కాగితం మీద 3 లక్షల మంది. 2021 ఆగస్టు 15న అఫ్ఘాన్ అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ దేశం వదిలి పోయాడు, పొద్దుగూకేసరికి కాబూల్ తాలిబాన్ల చేతిలో ఉంది. ఆర్నెల్ల తర్వాత ఉక్రెయిన్ రాజధాని కీవ్ కూడా మూడు రోజుల్లో పడిపోతుందనే చాలామంది అనుకున్నారు. దాడి మొదలైన మర్నాడు రాత్రి జెలెన్‌స్కీ తన ఆఫీసు ముందు వీధిలో నిలబడి వీడియో పెట్టాడు. అప్పటికి పెద్ద ఆయుధాలేవీ రాలేదు. ట్యాంకుల మీద భుజానికెత్తుకుని పేల్చే జావెలిన్ క్షిపణులు, సోవియట్ కాలం నాటి సొంత ఫిరంగులు, అంతే. ఏప్రిల్ మొదటికల్లా రష్యన్లు కీవ్ చుట్టుపక్కల నుంచి వెనక్కి పోయారు.

అలాగని నిబ్బరం ఒక్కటే చాలదు. 2023 వేసవిలో దక్షిణాన అజోవ్ సముద్రం దాకా రష్యన్లని కొట్టుకుంటూ పోదామని బయల్దేరి మందుపాతరల పొలాల్లో ఇరుక్కున్నారు. పైన విమానాల అండ లేదు. ఆ చలికాలమే అమెరికా కాంగ్రెస్‌లో 61 బిలియన్ డాలర్ల సాయం ఆర్నెల్లు నానింది. ఫిరంగి షెల్స్‌కి కరువొచ్చింది. 2024 ఫిబ్రవరిలో తూర్పున అవ్దీవ్కా పట్టణం పోయింది.

నేను ఆర్టిలరీలో చేశాను. షెల్ ఉంటే గన్ పేలుతుందనుకుంటారు బయటివాళ్ళు. షెల్ వేరు, దాని ముక్కుకి బిగించే ఫ్యూజ్ వేరు, వెనక పెట్టే చార్జ్ వేరు, ప్రైమర్ వేరు. వేర్వేరు ఫ్యాక్టరీల సరుకు వేళకి ఒకే గన్ దగ్గరికి చేరాలి. ఒకటి తగ్గినా మిగతావి గుట్టగా పడుండాల్సిందే. ఎదురుగా శత్రువు కదులుతూ కనిపిస్తుంటే, ఇవాళ్టికి ఇన్ని రౌండ్లే అని ఆర్డరొచ్చిన క్రూ దగ్గర ధైర్యం గురించి ఉపన్యాసం ఇవ్వలేం.

తణుకు కోళ్ళఫారం:
సుబేదార్ గారు ఫిరంగుల సంగతి చెప్పారు, నేను గుడ్ల సంగతి చెబుతా. నవ్వకండి.

2023 జనవరిలో కీవ్‌లో పత్రికవాళ్ళు ఒక కాంట్రాక్టు బయటపెట్టారు. సైన్యానికి గుడ్డు 17 హ్రివ్నియాలకి (అక్కడి డబ్బు) కొంటున్నారట. బజార్లో 7. మేం రోజూ పొద్దున్నే రేటు చూసుకునే కాఫీ తాగేవాళ్ళం. ఐదు పైసలు అటూ ఇటూ అయితేనే మాకు ఫోన్లు మోగుతాయి. రెండున్నర రెట్లంటే మా జిల్లాలో పసిపిల్లాడు కూడా నమ్మడు. లెక్కలో పొరపాటన్నాడు రక్షణమంత్రి. ఎవరూ ఊరుకోలేదు. డిప్యూటీ మంత్రి దిగిపోయాడు, కొనుగోళ్ళ ధరలు బయటపెట్టాలని చట్టం చేశారు, సెప్టెంబరుకి ఆ రక్షణమంత్రి రెజ్నికోవ్ కూడా మారాడు.

నెత్తిన బాంబులు పడుతుంటే సైన్యం గుడ్ల బిల్లు అడిగారండి. దేశద్రోహులని ఎవరినీ లోపలెయ్యలేదు. కుర్రోడు గారూ, ఎన్నికలు లేవన్నారు కదా, 2025 జూలై చూడండి. అవినీతి మీద విచారణ చేసే రెండు సంస్థల స్వతంత్రతకి కత్తెర వేస్తూ 22న చట్టం చేశారు. జనం, అందులోనూ కుర్రకారు, అట్టముక్కల మీద నినాదాలు రాసుకుని రోడ్డెక్కారు. 31న అదే పార్లమెంటు ఆ అధికారాలు తిరిగిచ్చేసింది. పది రోజులు కూడా పట్టలేదు.

ఆలమూరు కుర్రోడు:
యూరప్ కళ్ళెర్రజేసింది కాబట్టి వెనక్కి తగ్గారు. అదీ డబ్బు భయమే కదండీ. పైగా గుడ్ల దొంగలు దొరికారంటే అక్కడ దొంగలున్నారనేగా!

తణుకు కోళ్ళఫారం:
దొంగలు లేని సప్లై డిపార్టుమెంటు ఎక్కడుందో చూపించండి, కుటుంబంతో సహా వలస పోతాను.

కాకినాడ బస్తా:
బియ్యం ఎగుమతి పనిలో ఉన్నవాణ్ణి, నౌకల సంగతి నాకొదిలెయ్యండి. చెప్పుకోదగ్గ యుద్ధనౌక లేని దేశం అది. 2022 ఏప్రిల్ 14న రష్యా నల్లసముద్ర దళానికి పెద్దదిక్కైన మాస్క్వా నౌక మునిగింది. కొట్టింది సొంతంగా తయారు చేసుకున్న నెప్ట్యూన్ క్షిపణులతో. తర్వాత మనిషి లేకుండా నడిచే పేలుడు పడవలు వచ్చాయి. క్రిమియాలో సెవస్తొపోల్ రేవులోని రష్యా ఓడలు చాలావరకు దూరంగా, రష్యా రేవు నొవొరొస్సీస్క్‌కి జరిగిపోయాయి.

ఉక్రెయిన్ ధాన్యం ఓడల్ని నల్లసముద్రం మీదుగా పోనిచ్చే ఒప్పందం నుంచి 2023 జూలై 17న రష్యా తప్పుకున్నప్పుడు ఒదెస్సా రేవు పని అయిపోయిందనుకున్నాం. మా ఆఫీసులో ఆ వారం ఇదే మాట. (మూడు రోజులకే మన కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసి మా పని కూడా పట్టింది, అది వేరే ఏడుపు.) ఆగస్టుకల్లా ఉక్రెయిన్ ఒడ్డు వారగా, రుమేనియా వైపుగా సొంత దారి తెరిచింది. దాడి చేసే ఓడ దగ్గరికి రాలేనప్పుడు రష్యా సంతకం అక్కర్లేకపోయింది. ధాన్యం పోతేనే డాలరొస్తుంది, డాలరొస్తేనే జీతాలు. సైన్యం ఒకటి, రాజకీయం ఒకటి అని విడదీసి మాట్లాడుకోవడమే నాకు నచ్చట్లేదు.

జెలెన్‌స్కీ వీధిలో నిలబడ్డాడని సుబేదార్ గారు చెప్పారు కదా, ఇక్కడ సంగతి చూడండి: 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ మీద, మా కాకినాడ మీద బాంబులేశాయి. పెద్ద నష్టమేం కాదు. కానీ ఆ నెలలోనే మద్రాసులో ప్రభుత్వం ఆఫీసులు లోపలి ఊళ్ళకి తరలిస్తే పట్నం సగానికి పైగా ఖాళీ అయింది. దొరగారే పోతుంటే కూలివాడు ఎందుకుంటాడు?

అమలాపురం డాక్టరమ్మ:
ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో చదువుకుంటూ 2022 మార్చిలో, మనవాళ్ళని వెనక్కి తెచ్చిన ఆపరేషన్ గంగ విమానంలో తిరిగొచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. చదువు జార్జియాలో పూర్తి చేశాను. అందరూ ఓర్పు, నిబ్బరం అంటుంటే చదవడానికి బాగానే ఉంది గానీ, ఆ ఓర్పు ఎవరిదో కూడా చూడండి.

ఖార్కివ్‌లో పిల్లలకి మెట్రో స్టేషన్లలో, నేలకింద కట్టిన బళ్ళలో పాఠాలు. మా పాత ఇంటి ఓనరమ్మ కొడుకు 2022లో ఇష్టపడి సైన్యంలో చేరాడు, ఇంకా అక్కడే ఉన్నాడు. 2024 ఏప్రిల్‌లో సైన్యంలోకి తీసుకునే వయసు 27 నుంచి 25కి దించారు. అదే నెలలో పాసైన ఇంకో బిల్లులో మూడేళ్ళు చేసినవాళ్ళని ఇంటికి పంపే మాట ఉండేది, ఆఖరి నిమిషంలో తీసేశారు. ఎప్పుడు వస్తాడో తెలియకుండా కొడుకుని పంపిన తల్లికి పత్రికా స్వేచ్ఛ గురించి మీరు చెప్పండి. వీధుల్లో మగాళ్ళని ఆపి వ్యాన్లలో ఎక్కించే వీడియోలు అక్కడివాళ్ళే పెడుతున్నారు. 50 లక్షలకు పైగా జనం దేశం బయట ఉన్నారు. వాళ్ళల్లో ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు. ఆ పిల్లలు పోలండ్ భాషలోనో జర్మన్‌లోనో చదువుకుంటున్నారు. యుద్ధం ఆగినా ఎంతమంది తిరిగొస్తారు? నాకు కనిపించే పగులు అదొక్కటే, దాన్ని ఏ సాయమూ పూడ్చదు.

ఎన్నికల గురించి: సైనిక చట్టం ఉండగా ఎన్నికలు పెట్టకూడదని అక్కడి చట్టమే ఉంది. బ్రిటన్ కూడా 1935 తర్వాత మళ్ళీ 1945లోనే పెట్టింది.

యానాం గాలి:
మనం 1976లో లోక్‌సభ గడువు పొడిగించుకున్నాం, యుద్ధం లేకుండానే. అందుకని ఆ వాదన నేను తేలిగ్గా మింగను డాక్టరు గారూ. గడువు పొడిగించడం అలవాటయ్యే జబ్బు.

ఇంకోటి, అందరూ ఉక్రెయిన్ గట్టిదనమే చెబుతున్నారు. రష్యా సంగతో? 2023 జూన్ 24న వాగ్నర్ అనే కిరాయి దళం తిరగబడి రష్యా నగరం రొస్తోవ్‌లో సైనిక కార్యాలయం పట్టుకుంటే జనం సెల్ఫీలు దిగారు. కాపాడ్డానికి ఎవరూ రాలేదు, తిరగబడ్డానికీ రాలేదు. రెండు నెలలకి ఆ దళం అధిపతి ప్రిగోజిన్ విమానం కూలి చనిపోయాడు, కథ ముగిసింది. 2022 సెప్టెంబరులో 3 లక్షల మందిని సైన్యంలోకి పిలిస్తే లక్షల మంది సరిహద్దు దాటారు. అప్పటి నుంచి బలవంతం తగ్గించి, చేరితే ఇంత అని డబ్బు ఎరవేస్తున్నారు, పేద ప్రాంతాల కుర్రాళ్ళు పోతున్నారు. 2024 అక్టోబరులో అక్కడ కేంద్ర బ్యాంకు వడ్డీ 21 శాతం. అయినా నడుస్తోంది. బిల్లు అడగని జనం ఉన్న దేశం కూడా చాలాకాలం యుద్ధం చెయ్యగలదు. తణుకు గారి గుడ్ల సిద్ధాంతం ఇక్కడ పనిచెయ్యదు.

తణుకు కోళ్ళఫారం:
నడుస్తోంది సరే. మూడు రోజుల్లో అయిపోతుందని రష్యాలో పైవాడికి ఎవరో చెప్పబట్టే కదా ఇన్నేళ్ళు నడవాల్సి వచ్చింది? బిల్లు అడిగేవాడుంటే ఆ మాట అక్కడే తేలిపోయేది.

ఆలమూరు కుర్రోడు:
నా ప్రశ్న నాకే ఉందండి. 2025 మార్చిలో అమెరికా వారం రోజులు సాయం, నిఘా సమాచారం ఆపింది. ఆ రోజుల్లోనే, రష్యాలోని కుర్స్క్ ప్రాంతంలో ఉక్రెయిన్ పట్టుకున్న సుద్జా పట్టణం చేజారింది. వారానికే అలా అయితే?

మాజీ సుబేదార్, మిలటరీ మాధవరం:
సుద్జాకి సరఫరా దారి అంతకుముందే దెబ్బతింది, మొత్తం ఆ వారం ఖాతాలో వెయ్యకు. అయినా నీ భయం ఉత్తిది కాదు. ఆయుధాన్ని బట్టి జవాబు మారుతుంది. కెమెరాలో చూస్తూ నడిపి గుద్దించే ఎఫ్‌పీవీ డ్రోన్లు వాళ్ళే లక్షల్లో చేసుకుంటున్నారు. 2025 జూన్ 1న రష్యా బాంబర్లని వాటి స్థావరాల్లోనే కొట్టింది వాటితోనే. బాలిస్టిక్ క్షిపణిని ఆపే అమెరికా పేట్రియట్ మాత్రం వాళ్ళు చేసుకోలేరు, అది ఆగితే కీవ్‌లో కరెంటు పోతుంది. ఇక ఆ డ్రోన్లలో మోటార్లు, కెమెరాలు చాలావరకు చైనావి. రష్యా డ్రోన్లలోనూ అంతే. అదీ లెక్కలో వేసుకుని మీ బావతో మాట్లాడు.