షెఫ్‌షావెన్ గోడలకు నీలిరంగు ఎప్పటి నుంచి?

ఉత్తర మొరాకోలో రీఫ్ కొండల నడుమ ఉన్న షెఫ్‌షావెన్ పట్టణ చరిత్రపై వ్యాసం రాస్తూ ఒక్క విషయం దగ్గర ఆగిపోయాను. తీరం నుంచి చొచ్చుకొస్తున్న పోర్చుగీసు వారిని ఎదుర్కొనేందుకు 1471లో మౌలే అలీ ఇబ్న్ రషీద్ ఇక్కడ కోట కట్టించడం, 1492లో గ్రనాడా పతనమయ్యాక స్పెయిన్ నుంచి వచ్చిన ముస్లింలూ యూదులూ స్థిరపడటం, 1920లో స్పెయిన్ సైన్యం ఊరిని ఆక్రమించడం, 1956లో అది స్వతంత్ర మొరాకోలో చేరడం వరకు చిక్కేమీ లేదు.

చిక్కంతా గోడల నీలిరంగుతోనే వచ్చింది. 1930లలో వచ్చిన యూదు శరణార్థులు వేశారని కొందరు, దోమలు రాకుండా వేశారని కొందరు (ఈ మాట నాకు నమ్మబుద్ధి కాలేదు), పర్యాటకుల కోసమేనని మరికొందరు అంటున్నారు గానీ, ఎవరూ ఆధారం చూపడం లేదు. స్పెయిన్ పాలన నాటి ఫొటోలు వెతికి చూశాను. అవన్నీ నలుపు తెలుపువి కావడంతో, లేత నీలానికీ తెల్ల సున్నానికీ తేడా పోల్చుకోలేకపోయాను. ఊరి గురించిన పర్యాటక పుస్తకాలు కూడా ఆ మూడు కథలనే తిప్పి తిప్పి చెబుతున్నాయి.

1956కు ముందే ఈ గోడలు నీలంగా ఉండేవని చూపే, తేదీ స్పష్టంగా ఉన్న రంగుల ఫొటో గానీ, యాత్రికుల రాత గానీ మీలో ఎవరికైనా తెలుసా?