'బండి వస్తే గేటు వేయి': ఈ 'వస్తే'తో వచ్చిన చిక్కు

కావలి నుంచి:

మా అబ్బాయి మేడ మీద గదిలో హెచ్‌ఓ కొలతలో రైలు నమూనా కట్టుకున్నాడు. అసలు రైలులో 87వ వంతు, పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. ఇప్పుడు దాన్ని కంప్యూటరుకు కలిపి, బండ్లు వాటంతటవే ఆగేలా, గేట్లు వాటంతటవే పడేలా ప్రోగ్రాం రాయడం నేర్చుకుంటున్నాడు. ముందు తెలుగులో రాసుకో, తర్వాత కంప్యూటరులోకి ఎక్కిద్దువు అన్నాను. మొదటి వాక్యం దగ్గరే పేచీ వచ్చింది: 'బండి వస్తే గేటు వేయి.'

ఈ 'వస్తే' వచ్చిన ఆ క్షణాన్నీ చెబుతుంది, వచ్చి ఉన్న పక్షాన్నీ చెబుతుంది. 'బస్సు వస్తే పిలువు' అన్నప్పుడు ఎదుటివాళ్లు సందర్భాన్ని బట్టి సర్దుకుంటారు. కంప్యూటరుకు ఆ లౌక్యం లేదు.

పట్టాలను కరెంటు లెక్కన ముక్కలు చేసి ఒక్కో ముక్కను బ్లాకు అంటారు. ఇంజను ఒక బ్లాకులోకి వచ్చి కరెంటు లాగితే, అక్కడ బండి ఉందని కంప్యూటరుకు కబురు పోతుంది. ఆ కబురు మారిన క్షణాన్ని పట్టుకుని పని మొదలుపెడితే అది 'రాగానే'. కబురు ఇప్పుడు ఎలా ఉందో చూసి తేల్చుకుంటే అది 'ఉంటే'. 'పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది' మొదటి జాతి. 'అందితే జుట్టు, అందకపోతే కాళ్లు' రెండో జాతి. రైలు నమూనాలను నడిపే జేఎంఆర్ఐ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని లాజిక్స్ పట్టికలో ప్రతి షరతుకూ టిక్కు పెట్టే గడి ఒకటి ఉంది: ఈ సంగతి మారినప్పుడు లెక్క మళ్లీ చూడాలా, అక్కర్లేదా అని. టిక్కు ఉంటే 'రాగానే', లేకపోతే వట్టి 'ఉంటే' అని నా వ్యాఖ్యానం. మావాడు ఒప్పుకున్నాడు, అది అరుదు.

ఒకదాని బదులు ఇంకొకటి రాస్తే తంటాయే. మార్పును మాత్రమే చూసే ఏర్పాటులో, కరెంటు వేసేసరికే బండి గేటు దగ్గర నిలబడి ఉంటే 'రావడం' అనేది జరగదు, గేటు తెరిచే ఉంటుంది. ఇక చక్రాలకు మురికి పట్టి కరెంటు అందీ అందకుండా ఉంటే ఒకే బండి పదేపదే వచ్చినట్టు లెక్కపడి గేటు లేస్తూ పడుతూ ఉంటుంది. మనం 'రాగానే' అని రాస్తే అది 'వచ్చినప్పుడల్లా' అని చదువుకుంటుందన్నమాట. అందుకే కబురు కాసేపు నిలకడగా ఉన్నాకే నమ్మేలా వ్యవధి పెడతారు.

నా ప్రశ్న: ఇలా 'రాగానే' పట్టుకునే మార్పును ప్రోగ్రాం రాసేవాళ్లు ఈవెంట్ అంటారు. దానికి 'సంఘటన' అనీ మరొకటనీ మాటలు వెతికే బదులు '-గానే', '-తే' అనే ఈ ప్రత్యయాలతోనే పని గడవదా? నా మటుకు గడుస్తోంది.

బిట్రగుంట నుంచి, రైల్వేలో పనిచేసి రిటైరైన సభ్యుడు:

అమ్మా, మీ వాక్యమే తలకిందులుగా ఉంది. గేటు దగ్గర ఇరుక్కున్నవాళ్లంతా 'బండి వస్తోందని గేటు వేశారు' అనుకుంటారు. ఇంటర్‌లాకింగ్ ఉన్న గేటులో, అంటే గేటునూ సిగ్నల్‌నూ ముడిపెట్టిన చోట, వరస వేరు. గేటు వేసి తాళం పడితేనే సిగ్నల్ పచ్చకు మారుతుంది, బండి వచ్చేది ఆ తర్వాత. 'పడితే' కాదు, 'పడితేనే'. ఇంటర్‌లాకింగ్ అంతా ఆ 'నే'లోనే ఉంది.

ఇంకొకటి. 'లైన్ క్లియర్', 'పచ్చజెండా' ఈ రెండింటినీ పత్రికలు కలిపేశాయి. పథకానికి లైన్ క్లియర్ అన్నా, మంత్రి పచ్చజెండా ఊపారన్నా వాళ్లకు ఒకటే. మాకు లైన్ క్లియర్ అంటే బండి వెళ్లే దారిలో ముందున్న స్టేషన్‌ను అడిగి తీసుకోవలసిన అనుమతి. జెండా ఆ తర్వాతి మాట. మీ అబ్బాయి ప్రోగ్రాంలో మొదటిది షరతు, రెండోది ఆజ్ఞ.

ఒంగోలు నుంచి, తెలుగు ఉపాధ్యాయురాలు:

ఈ తికమక కొత్తదేమీ కాదు. 'వస్తే', 'ఉంటే' లాంటి, మనం చేదర్థకం అనే రూపానిదే ఈ గుణం. కావ్యభాషలోని 'వచ్చినన్' కూడా ఈ రెండు పనులూ చేసేది. అయితే 'సంఘటన' వద్దన్నదానికి నేను ఒప్పుకోను. ప్రత్యయాన్ని లెక్కపెట్టలేం కదా! 'ఈ ప్రోగ్రాంలో 12 రాగానేలు ఉన్నాయి' అంటామా? పేరు ఒకటి కావలసిందే.

గూడూరు నుంచి:

అక్కా, మరి 'రాకపోతే' సంగతి? నా ఇంజను దారిలోనే మొరాయిస్తుంది.

కావలి నుంచి:

తమ్ముడూ, 'రాకపోవడం' ఫలానా క్షణాన జరిగిందని చెప్పలేం. ఉత్త 'రాకపోతే' రాశావంటే బండి కదిలీ కదలకముందే రాలేదని తేల్చేసి కరెంటు ఆపేస్తుంది. '20 సెకన్లలోగా రాకపోతే' అని గడువు పెట్టు.

టీచరుగారూ, 'రాగానేలు' అన్నాక నాకు నోరు లేదు, పేరు కావాలి. బాబాయి గారూ, మీరన్నట్టే దిద్దాం: 'బండి గేటుకు ముందున్న బ్లాకులోకి రాగానే గేటు వేయి. గేటు పడితేనే సిగ్నల్ ఇవ్వు. బండి దాటాక గేటు ఎత్తు.'

మూడో వాక్యం ఇంకా కుదరలేదు. మామూలు పెట్టెలు కరెంటు లాగవు. ఇంజను దాటితే చాలు, బ్లాకు ఖాళీ అనుకుని పెట్టెలు గేటు మధ్యలో ఉండగానే ఎత్తేస్తోంది. చివరి పెట్టె ఇరుసుకు, కొద్దిగా కరెంటు లాగేలా, చిన్న రెసిస్టర్ అతికిస్తే పెట్టె కూడా లెక్కలోకి వస్తుందట. మావాడు ఇప్పుడు ఆ పనిలో ఉన్నాడు. 'బండి' అంటే ఇంజనా, మొత్తమా అన్నది విడిగా అడుగుతాను.