పెంటా రెండో సూది లేటైతే మళ్లీ మొదటి నుంచి వేయాల్నా?

నర్సంపేట_నాన్న:
పాపకు పెంటా (కోరింత దగ్గు, ధనుర్వాతం లాంటి ఐదు జబ్బుల టీకా) మొదటి సూది ఆరో వారంలనే పడ్డది. పదో వారంల పడాల్సిన రెండోది తప్పిపోయింది, ఇప్పుడు 19 వారాలు. మొదటి డోసు పని అయిపోయింది, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలె అంటున్నరు. నిజమేనా? అసలు మూడు సార్లు ఎందుకు, ఒకటే పెద్ద డోసు ఇస్తే కాదా? ఇంకో డౌటు: టీకా జ్ఞాపకం ఏండ్ల తరబడి ఉంటదంటరు, మరి మొల గుచ్చుకున్నప్పుడల్లా టీటీ (ధనుర్వాతం సూది) ఎందుకు?

ల్యాబ్‌కోట్_కాజీపేట:
మళ్లీ మొదటి నుంచి అక్కర్లేదన్నా. ఆగిన చోటు నుంచే కొనసాగించాలి.

తొడకు వేసిన మందు గజ్జల్లోని లింఫ్ గ్రంథులకు చేరుతుంది. దాన్ని గుర్తుపట్టిన బి కణాలు (క్రిములను పట్టుకునే యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాలు) అక్కడ విభజన చెందుతూ, యాంటీబాడీ జన్యువుల్లో చిన్న చిన్న మార్పులు చేసుకుంటాయి. మందులో ఉన్న క్రిమి భాగాన్ని, అంటే యాంటిజెన్‌ను గట్టిగా పట్టుకోగలిగినవి మిగులుతాయి, మిగతావి చచ్చిపోతాయి. ఈ వడపోతకు వారాలు పడుతుంది. చివరికి కొన్ని ప్లాస్మా కణాలై ఎముక మజ్జలో కూర్చుని యాంటీబాడీలు వదులుతుంటాయి. కొన్ని మెమరీ కణాలవుతాయి. వీటి నుంచి యాంటీబాడీ రాదు, రెండోసారి అదే యాంటిజెన్ కనబడితే మాత్రం రోజుల్లోనే ఇవి పెద్ద సంఖ్యలో పెరిగి యాంటీబాడీలు తయారుచేస్తాయి. మొదటి డోసు తర్వాత రక్తంలో యాంటీబాడీ త్వరగానే పడిపోతుంది. జనం "పని అయిపోయింది" అనేది దాన్ని చూసే. మెమరీ కణాలు పోలేదు.

పెద్ద డోసు ఎందుకు పనికిరాదంటే, యాంటిజెన్ కుప్పలుగా ఉంటే బలహీనంగా పట్టుకునే కణాలు కూడా గట్టెక్కుతాయి, వడపోత సరిగా జరగదు. వ్యవధి మరీ తగ్గించినా నష్టమే. మొదటి డోసు యాంటీబాడీలే రెండో డోసు యాంటిజెన్‌ను కప్పేస్తాయి. అందుకే కనీసం నాలుగు వారాలు. ఎక్కువైతే జ్ఞాపకానికి నష్టం లేదు, ప్రమాదం వేరే చోట ఉంది: ఆ మధ్యకాలంలో పాపకు రక్షణ అరకొర. కోరింత దగ్గు ఆరు నెలల లోపు పిల్లల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది.

కోల్డ్‌చైన్_జనగామ:
సార్ చెప్పింది కరెక్టు. ఇగ చేయాల్సింది: వచ్చే బుధవారమో శనివారమో ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల టీకాల కార్డు) పట్టుకొని పల్లె దవాఖానకు పోండి. పెంటా 2 ఎడమ తొడకు 0.5 మి.లీ. పడుతది, ఆ నాడే పోలియో చుక్కలు, రోటా చుక్కలు కూడా. పెంటా 3కి అక్కడి నుంచి నాలుగు వారాలు. 14 వారాలకు పడాల్సిన పీసీవీ (న్యుమోనియా టీకా), చేతికి వేసే 0.1 మి.లీ. ఐపీవీ (పోలియో సూది) కూడా పెండింగే ఉంటయి, గుర్తుచేయండి.

ఎండాకాలంల అందరి భయం వేడి మీదనే. పెంటాకు అసలు శత్రువు గడ్డకట్టడం. ఇందులో అల్యూమినియం లవణం ఉంటది, యాంటిజెన్ దానికే అతుక్కొని ఉంటది. గడ్డకడితే ఆ లవణం పలుకులుగా మారుతది, కరిగినా మళ్లీ మామూలు కాదు, జ్ఞాపకం సరిగా పుట్టదు. ఐస్‌ప్యాక్‌ను ఫ్రీజర్ల నుంచి తీసి నేరుగా టీకాలు మోసే క్యారియర్ డబ్బాల పెడితే జరిగేది ఇదే. ఊపితే లోపల నీళ్లు కదిలేదాకా బయట ఉంచాలె. అనుమానముంటే షేక్ టెస్ట్: కావాలని గడ్డకట్టించి కరిగించిన అదే బ్యాచ్ వయల్ (మందు సీసా) ఒకటి, అనుమానమున్నది ఒకటి, రెండూ ఊపి పక్కపక్కన నిలబెట్టాలె. అనుమానమున్నది కూడా అంతే తొందరగా అడుగుకు దిగితే పారేసుడే.

నర్సంపేట_నాన్న:
థ్యాంక్స్ సార్, థ్యాంక్స్ అన్నా. టీటీ సంగతి?

పిల్లలడాక్టర్_హనుమకొండ:
మెమరీ కణాలు మేల్కొని సరిపడా యాంటీబాడీ తయారుచేయడానికి దాదాపు వారం కావాలి. రోగం అంతకంటే నెమ్మదైతే జ్ఞాపకం ఒక్కటే చాలు. హెపటైటిస్ బి బయటపడటానికి నెలలు పడుతుంది కాబట్టి, యాంటీబాడీ తగ్గిపోయిన ఆరోగ్యవంతులకు కూడా రక్షణ ఉంటుంది. ధనుర్వాతం మూడో రోజుకే రావచ్చు. పైగా ప్రాణం తీసేంత విషం కూడా రోగనిరోధక వ్యవస్థను మేల్కొలపడానికి చాలదు. ఆ జబ్బు వచ్చి తగ్గినవాళ్లకు కూడా టీకా వేయాల్సిందే. అందుకే యాంటీబాడీ ముందే రక్తంలో సిద్ధంగా ఉండాలి. 10, 16 ఏళ్లకు టీడీ వేసేది ఇందుకే (ధనుర్వాతం, డిఫ్తీరియా రెండింటి టీకా; టీటీ బదులు ఇప్పుడు వేస్తున్నది ఇదే).

అయితే గుచ్చుకున్న ప్రతిసారీ అక్కర్లేదు. మూడు డోసులు పూర్తయినవాళ్లకు శుభ్రమైన చిన్న గాయమైతే చివరి డోసు పడి పదేళ్లు దాటితేనే. మట్టి, పేడ తగిలిన గాయమో, లోతుగా దిగిన మొలో అయితే ఐదేళ్లు దాటితే. లెక్క తెలియకపోతే టీడీ కోర్సు మొదలుపెట్టాలి, గాయం మురికిదైతే ఇమ్యునోగ్లోబులిన్ (బయట తయారైన రెడీమేడ్ యాంటీబాడీ) కూడా.

ల్యాబ్‌కోట్_కాజీపేట:
కుక్కకాటులోనూ ఇదే లెక్క. ఇదివరకే రేబిస్ టీకా కోర్సు పూర్తిచేసినవాళ్లకు మళ్లీ కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, 0, 3 రోజుల్లో (మొదటి డోసు నాడు 0, దానికి మూడు రోజుల తర్వాత 3) రెండు డోసులు వేయించుకోవాలి, ఇమ్యునోగ్లోబులిన్ వద్దు. మొదటిసారైతే గాయం తీవ్రంగా ఉన్నప్పుడు అది తప్పదు, ఎందుకంటే వాళ్లకు మేల్కొలపడానికి మెమరీ కణాలే లేవు. బయటి నుంచి ఇచ్చిన ఆ యాంటీబాడీ కొన్ని వారాల్లో కరిగిపోతుంది, జ్ఞాపకం మిగల్చదు. కాబట్టి అది పడిందని వ్యాక్సిన్ డోసులు మధ్యలో ఆపొద్దు.