ఏజెన్సీలు తలో మాట అంటే సభకు ఎలా చెప్పాలి? (2002 ఇరాక్ అంచనా)

గోదావరి_గట్టు:
2002 అక్టోబరు 1న అమెరికా నిఘా సంస్థలన్నీ కలిసి ఇరాక్ ఆయుధాల మీద ఒక జాతీయ అంచనా పత్రం కాంగ్రెస్‌కి ఇచ్చాయి. తొంభై పేజీల పైమాటే. సెనేట్ నిఘా కమిటీ వాళ్లు పట్టుబట్టాక మూడు వారాల్లో హడావుడిగా తయారైంది. పది రోజులు తిరిగేసరికి ప్రతినిధుల సభ 296–133తో, సెనేట్ 77–23తో యుద్ధానికి అనుమతి ఇచ్చేశాయి.

ఆ పత్రంలో మూడు సంస్థలు "ఇది మేం ఒప్పుకోం" అన్నాయి. అణు కార్యక్రమం మళ్లీ మొదలైందన్న దాన్ని విదేశాంగ శాఖ నిఘా విభాగం కాదంది. ఇరాక్ కొనబోయిన అల్యూమినియం గొట్టాలు యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్ యంత్రాల కోసమేనన్న చోట ఇంధన శాఖ కూడా వాళ్లతో గొంతు కలిపింది. ఇరాక్ డ్రోన్లు జీవాయుధాలు చల్లడానికేనన్న దాని మీద వైమానిక దళం అడ్డం తిరిగింది. ఇలాంటప్పుడు నిఘా సంస్థల పెద్దాయన ఒక్కడే వచ్చి "అందరి మాటా ఇదే" అని సభకు చెప్పాలా, ఎవరి మాట వాళ్లే వచ్చి చెప్పుకోవాలా? నేను రెండోదే అంటాను.

ముక్కుసూటి:
దాచిందేముందండీ? విదేశాంగ శాఖ అసమ్మతి ముఖ్యాంశాల చివర్లోనే బాక్సు కట్టి మరీ వేశారు. కాపలా గదిలో పెట్టి వచ్చి చదువుకోండి అన్నారు. ఐదు పేజీల సారాంశం దాటి చదివిన సెనేటర్లు ఆరుగురికి మించరని 2004లో వాషింగ్టన్ పోస్ట్ రాసింది. వందలో ఆరుగురు! విస్తరి ముందు కూర్చోని వాడికి ఎన్ని రకాలు వండితే ఏం లాభం?

లేత్_మిషన్:
ముందు గొట్టాల సంగతి తేలాలి. బయటి వ్యాసం 81 మి.మీ., పొడవు 900 మి.మీ., గోడ మందం 3.3 మి.మీ., లోహం 7075-టి6 అనే గట్టి అల్యూమినియం మిశ్రమం. అరవై వేల దాకా కొనబోయారు. సెంట్రిఫ్యూజ్ రోటర్ (లోపల గిర్రున తిరిగే గొట్టం) గోడ పల్చగా ఉండాలి, ఇది మరీ మందం. పైగా ఆనోడైజింగ్ పూత ఉంది. ఆరుబయట పడుండే రాకెట్‌కి తుప్పు పట్టకుండా వేసే పూత అది. యురేనియం వాయువు తిరిగే రోటర్‌కైతే దాన్ని గీకి తీసేయాల్సిందే. ఇటలీ వాళ్ల మెడూసా రాకెట్‌ని చూసి ఇరాక్ చేసుకున్న 81 మి.మీ. రాకెట్‌కి సరిగ్గా ఇవే కొలతలు. టాలరెన్సు (కొలతల్లో ఒప్పుకునే తేడా) రాకెట్‌కి అక్కర్లేనంత బిగుతుగా ఉందన్న పాయింటు పట్టుకుని సీఐఏ వేలాడింది.

ముక్కుసూటి:
లేత్ గారూ, గోడ మందం కొలిచి ఓటెయ్యమంటారా సెనేటర్లని? ఇంధన శాఖ ఏమందో పూర్తిగా చెప్పండి. గొట్టాలు బహుశా అందుకోసం కావు అంది, సరే. కానీ "అణు కార్యక్రమం మళ్లీ మొదలైందా" అన్న పెద్ద ప్రశ్నకి అందరితో పాటు అవుననే అంది. ఒంటరిగా మిగిలింది విదేశాంగ వాళ్లే.

లేత్_మిషన్:
పూత గురించి జవాబు రాలేదు.

గోదావరి_గట్టు:
రహస్య పత్రం దగ్గరే ఆగిపోతారేం? మూడు రోజులకి, అక్టోబరు 4న, జనం కోసం ఒక పత్రం వదిలారు. రహస్య పత్రంలో "మా అంచనా ప్రకారం" అని ఉన్నచోట అది తీసేసి, తేలిపోయిన విషయంలా రాశారు. గొట్టాల దగ్గర నిపుణుల్లో ఎక్కువమంది ఇలా అంటున్నారు, కొందరు అలా అంటున్నారు అని సరిపెట్టారు. ఎవరండీ ఆ కొందరు? ఓక్ రిడ్జ్ ప్రయోగశాల ఎవరి చేతిలో ఉందో ఆ ఇంధన శాఖ! యురేనియం శుద్ధి గురించి ఆ దేశంలో వాళ్లకన్నా తెలిసినవాళ్లు ఎవరు? డ్రోన్ల అసమ్మతి అయితే జనం పత్రంలో ఊసే లేదు. కాదన్నది డ్రోన్లు ఎగరేసే వైమానిక దళం.

రహస్య పత్రం కూడా అంతంత మాత్రమే. ఇరాక్ ఆఫ్రికాలో యురేనియం కొనబోయిందన్న పేరా ఒకచోట, అది బొత్తిగా నమ్మదగ్గది కాదన్న విదేశాంగ వాళ్ల మాట ఇంకోచోట. మధ్య దాదాపు 60 పేజీల దూరం. సెనేట్ కమిటీ 2004 నివేదికలో ఉంది ఇది. పేరా చదివినవాడికి బాక్సు కనబడదు, బాక్సు చూసినవాడికి అది ఏ పేరా గురించో తెలీదు.

పెసరట్టు_ఉప్మా:
వాళ్లకి కాపలా గదైనా ఉంది. మన నిఘా సంస్థల మీద పార్లమెంటు పర్యవేక్షణ కోసం 2011లో మనీష్ తివారీ ప్రైవేటు బిల్లు పెడితే అది చట్టమే కాలేదు.

ముక్కుసూటి:
టాపిక్ మార్చకండి సార్.

పాత_ఫైలు:
ఎలా చెప్పాలన్న దానికి తర్వాత వాళ్లే దారి వేసుకున్నారు. 2004 చివర్లో నిఘా సంస్కరణల చట్టం, 2007లో అంచనాలు ఎలా రాయాలో చెప్పే 203వ నంబరు ఆదేశం. దాన్ని 2015లో తిరగరాసినప్పుడు రెండు కొలబద్దలు వేరువేరుగా పెట్టారు. ఒకటి జరిగే అవకాశం: "అవకాశం ఉంది" అంటే 55–80 శాతం, "చాలా అవకాశం ఉంది" అంటే 80–95, ఇలా ఏడు మెట్లు. రెండోది ధీమా, అంటే ఆధారాలు ఎంత గట్టివన్నది. రెండూ ఒకే వాక్యంలో కలపొద్దని నియమం. తెలుగులో ఈ రెంటికీ కలిపి "కావచ్చు" అని ఊరుకుంటాం మనం. 1951లో యుగోస్లావియా మీద దాడి జరగొచ్చన్న అంచనాలో "గట్టి అవకాశం" అన్న మాటకి, రాసిన బృందంలోనే ఒకరు 20 శాతం అనుకుంటే ఇంకొకరు 80 అనుకున్నారు.

2016 అమెరికా ఎన్నికల్లో రష్యా జోక్యం మీద వచ్చిన 2017 జనవరి పత్రం చూడండి. ట్రంప్ గెలుపుకి సాయపడాలని పుతిన్ చూశాడన్న అంచనా మీద సీఐఏ, ఎఫ్‌బీఐలకి ఎక్కువ ధీమా, సంకేతాలు పట్టే నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏకి మధ్యస్థం. ఏ సంస్థదో పేరు పెట్టి అక్కడికక్కడే రాశారు. "కొందరు" లేరు.

గోదావరి_గట్టు:
నేనన్నదీ అదే.

ముక్కుసూటి:
కాదు. మీకు కావలసింది ఒంటరివాణ్ణి హీరో చెయ్యడం. మీ విదేశాంగ విభాగమే అదే పత్రంలో, ఇరాక్ దగ్గర రసాయన, జీవాయుధాలు ఉన్నాయన్న చోట అందరితో కలిసి తలూపింది. అక్కడ పాత గుండ్లు తప్ప ఏమీ దొరకలేదు. ఒక పేజీలో ఒప్పు, ఇంకో పేజీలో తప్పు. ఏ పేజీలో నమ్మాలో సెనేటర్‌కి ముందే కలలోకి వస్తుందా?

గోదావరి_గట్టు:
హీరో అని ఎవరన్నారండీ! చేతులెత్తించి లెక్కపెట్టడం అంచనా కాదంటున్నాను. ఎవరు కాదన్నారు, వాళ్లకి ఆ విషయంలో ఏం తెలుసు, ఎందుకు కాదన్నారు, ఏం దొరికితే మనసు మార్చుకుంటారు. ఇవి నాలుగూ సభ్యుడి ముందు ఉండాలి. రసాయనాయుధాల దగ్గర ఒక్కరూ కాదనలేదంటే అదీ అడగాల్సిన ప్రశ్నే: కొత్త ఆధారం ఉండి ఒప్పుకున్నారా, పాతదే అందరూ పట్టుకున్నారా అని. ప్రతిదానికీ "చదవలేదు, చదవలేదు" అంటూ సభ్యుల మీదికి నెట్టేస్తే రాసినవాడు ఎప్పటికీ నేర్చుకోడు.

ముక్కుసూటి:
అయితే కోవిడ్ వైరస్ ఎక్కడ పుట్టిందన్న సంగతి తీసుకోండి, మీ పద్ధతిలోనే చెప్పారు కదా. 2021లో నాలుగు సంస్థలు తక్కువ ధీమాతో సహజంగా వచ్చిందన్నాయి, ఒకటి మధ్యస్థ ధీమాతో ల్యాబ్ అంది. 2023కి ఇంధన శాఖ, 2025 జనవరికి సీఐఏ తక్కువ ధీమాతోనే ల్యాబ్ వైపు జరిగాయి. ఏమైంది? ప్రతి పార్టీ వాడూ తనకు నచ్చిన సంస్థని జేబులో వేసుకున్నాడు. "తక్కువ ధీమా" అన్న రెండు ముక్కలూ దారిలోనే రాలిపోయాయి. విడివిడిగా ఇస్తే ఏరుకుంటారు.

గోదావరి_గట్టు:
అంటే సభ్యుల మీద మీకు నమ్మకం లేదు.

ముక్కుసూటి:
లేదు.

గోదావరి_గట్టు:
ఇది మొదటి పోస్టులోనే చెప్తే నలభై నిమిషాలు మిగిలేవి. ఏరుకుంటారన్న భయంతో "కొందరు" అని రాశారంటే, ఆ ఏరేదేదో రాసినవాడే ముందుగా ఏరేసినట్టు.

ముక్కుసూటి:
అవును, ఏరాలి. సంస్థలన్నిటి మీదా ఒక డైరెక్టర్‌ని కూర్చోబెట్టింది అందుకే. తప్పు ఏరితే ఆయన్ని పీకండి. ఎన్నో సంస్థల్ని వరసగా పీకలేరుగా.

పెసరట్టు_ఉప్మా:
పీకారా మరి?

పాత_ఫైలు:
ఇరాక్ అంచనా నాటి సీఐఏ అధిపతి టెనెట్ 2004 జులైలో తనే దిగిపోయాడు. అదే డిసెంబరులో అధ్యక్షుడు పతకం ఇచ్చాడు.