తమ్ముడు పడ్డది తలుచుకుంటే నా ఒళ్లు బిగుసుకుపోతోంది, ఇది జబ్బా?

లంక ఊరమ్మాయి:
మాది రాజోలు దగ్గర లంక ఊరు. తమ్ముడు కొబ్బరి దింపు తీస్తాడు. పోయిన వానాకాలం పాచి పట్టిన చెట్టు మీంచి జారి పడ్డాడు, కుడి తొడ ఎముక విరిగితే రాడ్డు వేశారు, ఇప్పుడు నడుస్తున్నాడు. వాడు పడ్డప్పుడు నేను అక్కడ లేను. అయినా రోజుకు రెండు మూడుసార్లు ఆ పడటం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది, అంతే, అరికాళ్లు జివ్వుమంటాయి, భుజాలు చెవుల దాకా లేస్తాయి, అరిచేతులు తడుస్తాయి, కుడికాలు నేల మీద పూర్తిగా ఆనించలేను. వాడి కుట్ల సంగతి ఎవరైనా ఎత్తితే కళ్లు తిరుగుతాయి. ఈసీజీ, షుగరు, థైరాయిడ్ అన్నీ బాగానే ఉన్నాయి, ఊరికే ఊహించుకుంటున్నావమ్మా అని పంపేశారు. ఊహే అయితే చేతులకు నిజం చెమట ఎందుకు పడుతోంది?

అమలాపురం ఫిజియో:
అక్కా, ఊహే, కానీ ఒంటికి అది ఉత్తిదే అని తెలియదు. 2004లో లండన్‌లో 16 మంది ఆడవాళ్ల మెదడు స్కాన్ చేస్తూ, వాళ్ల భాగస్వామి చేతికి కరెంటు షాక్ ఇస్తున్నట్టు గుర్తు చూపించారు. తమకే షాక్ తగిలినప్పుడు బాధను మోసే భాగాలు అప్పుడూ పనిచేశాయి. నొప్పి ఒంట్లో ఏ చోట అని చెప్పే భాగం మాత్రం కదల్లేదు. మీకూ అంతే, తొడ నొప్పి లేదు, ఆ బాధ మాత్రం ఉంది.

నిలబడ్డప్పుడు మనందరం తెలియకుండా కొద్దికొద్దిగా ఊగుతూనే ఉంటాం, పాదాల కింద పలక పెట్టి దాన్ని కొలవచ్చు. ఘోరమైన గాయాల ఫొటోలు చూపిస్తే ఆ ఊగులాట తగ్గి గుండె కూడా నెమ్మదిస్తుందని 2005లో బ్రెజిల్ వాళ్లు చూశారు. మనవాళ్లు కొయ్యబారిపోయాడు అంటారే, అదే.

కళ్లు తిరగడం వేరే సంగతి. రక్తం, గాయం తలుచుకుంటే కొందరికి గుండె ముందు దడదడలాడి, తర్వాత బీపీతో సహా పడిపోతుంది. అప్పుడు వదులుగా ఉండకూడదు. కూర్చుని చేతులు, తొడలు, పొట్ట గట్టిగా బిగించి ముఖం వెచ్చబడే దాకా 10, 15 సెకన్లు ఆగి వదలండి, అరనిమిషం ఆగి మళ్లీ, ఇలా ఐదుసార్లు. భుజాలు లేచినప్పుడు మాత్రం ఇది వద్దు, ఊపిరి నెమ్మదిగా, పొడుగ్గా వదలండి, రెండు పాదాలూ సమానంగా ఆనించండి. నెలలు గడిచినా తగ్గకపోతే, నిద్ర చెడితే, మానసిక డాక్టరుకి చూపించుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు.

పద్యనాటకం పిచ్చోడు:
చెల్లెమ్మా, తీర్థాల్లో 22 ఏళ్లుగా హరిశ్చంద్రుడి వేషం కడుతున్నాను. కాటి సీనులో ఆ పిల్లాడు బతికే ఉన్నాడని, పరదా వెనక్కి పోయి టీ తాగుతాడని నాకు తెలుసు, అయినా పద్యం ఎత్తుకోకముందే గొంతు పూడుకుపోతుంది, నడుము వంగిపోతుంది. భరతుడు నాట్యశాస్త్రంలో వీటినే సాత్త్విక భావాలన్నాడు, స్తంభం అంటే కొయ్యబారడం, చెమట, రోమాంచం, గొంతు మారడం, వణుకు, రంగు మారడం, కన్నీళ్లు, సొమ్మసిల్లడం, మొత్తం ఎనిమిది. మనసు అక్కడ లగ్నమైతేనే ఇవి వస్తాయట. నీకు వాడి మీద ప్రేమ ఉంది గనక నీ మనసు అక్కడికి పోతోంది, అంతే తప్ప నీకు పిచ్చీ లేదు, పిరికితనమూ లేదు. సీను అవగానే నేను వెంటనే కూర్చోను, చన్నీళ్లతో ముఖం కడుక్కుని, చేతులు విదిలించి, గట్టు మీద వంద అడుగులు వేస్తాను. ఒళ్లు వదులైతే మనసూ వస్తుంది.

లంక ఊరమ్మాయి:
ఇద్దరికీ దండాలు. రెండు రోజులుగా ఊపిరి సంగతి చూస్తున్నా, భుజాలు దిగుతున్నాయి, కుడికాలు ఇంకా అలాగే ఉంది. ఎముకల డాక్టరు సరేనన్నాడని తమ్ముడు వచ్చే నెల మళ్లీ చెట్టెక్కుతాడట. ఆ రోజు నేను వెళ్లాలా, ఇంట్లో ఉండాలా?

అమలాపురం ఫిజియో:
వెళ్లండి అక్కా. ఇంట్లో ఉంటే ప్రతిసారీ పడిపోయేవాడే కనిపిస్తాడు. అక్కడైతే దిగి వచ్చేవాడూ కనిపిస్తాడు. మోకాళ్లు బిగించి నిలబడొద్దు, పీట పట్టుకెళ్లి కాస్త దూరంలో కూర్చోండి, ముందు పొట్టి చెట్టే ఎక్కమనండి.