అప్‌డేట్: పరిచారకుల ఎంపిక, 1 తిమోతి 3

క్రైస్తవ సంఘంలో పరిచారకులుగా (డీకన్లుగా, అంటే సంఘ సేవ పనులు చూసేవారిగా) నిలబెట్టే స్త్రీపురుషుల్లో ఏ అర్హతలు చూడాలని అడిగాను కదా. మీ జవాబులు బైబిల్ వాక్యంతో సరిచూశాక తేలింది ఇది.

బోధింపతగినవాడై (బోధించగలవాడై) ఉండాలన్న షరతు సంఘాన్ని నడిపే అధ్యక్షునికే (3:2). 8-13 వచనాల్లో పరిచారకులకు అది లేదు, కాబట్టి మాటకారితనం చూసి ఎంచుకోవడం మానాలి. 10వ వచనం ప్రకారం ముందు పరీక్ష, తర్వాతే పదవి. పేరు ప్రకటించకుండా కానుకల లెక్క అప్పగించి చూడొచ్చు. ఇద్దరు కలిసి లెక్కపెట్టి సంతకం పెట్టాలి. దుర్లాభం (అక్రమ సంపాదన) మీద ఆశ ఉంటే బయటపడేది అక్కడే.

11వ వచనంలోని స్త్రీలు పరిచారకుల భార్యలా, పరిచారకురాళ్లా అన్న వాదం ఇప్పట్లో తెగదు (రోమా 16:1లో సంఘ పరిచారకురాలైన ఫీబే ఉండనే ఉంది). ఎవరైనా సరే, కొండెములు (చాడీలు) చెప్పకూడదు. పరామర్శకు వెళ్లిన ఇంటి గుట్టు పక్కింట్లో చెబితే, మళ్లీ ఎవరూ తమ కష్టం చెప్పుకోరు.