అప్‌డేట్: వలస మొక్కల కలంకారీ తెర పూర్తయింది

బయటి దేశాల నుంచి వచ్చి మన వంటింట్లో స్థిరపడిన మొక్కలతో కలంకారీ తెర వెయ్యాలనుంది, ఏవి తీసుకోను అని పోయిన నెల అడిగాను కదా. సీమచింత, మిరప, బంగాళాదుంప చెప్పినవాళ్లకు థ్యాంక్స్. మూడూ అమెరికా ఖండాలవే. సీమచింతకైతే పేరులోనే పరాయి ఊరుంది!

మొదటి గుడ్డ పాడైంది, తప్పు నాదే. గుడ్డ నానబెట్టే కరక్కాయ నీళ్లలో పాలు తక్కువ పోశాను. తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిమి నలుపు, వెదురు కలం ఆనించగానే పాకిపోయి మిరపకాయ కాస్తా వంకాయైంది. రెండోసారి చిక్కటి గేదెపాలు పోశాక గీత నిలిచింది.

అంచులో నావలు వేద్దామనుకున్నాను; నావలు వద్దు, మనుషులు కావాలన్నారొకరు. మంచి మాట. 19వ శతాబ్దంలో మారిషస్ చెరకు తోటలకు వెళ్లిన మన కూలీల మూటలు వేశాను. కోరంగి రేవు పేరుతో వాళ్లను అక్కడ కోరంగీలనేవాళ్లు. మూటల ముడి మాత్రం విప్పలేదు.

అమ్మమ్మ తెర చూసి, "మిరపకాయ మనది కాదంటావేంటే? మరి కారం దేనితో తిన్నారు?" అంది. మిరియాలతో అన్నాను. ఇంకా నమ్మలేదు.